రెండో గొంతు

కూతురి పెళ్లికి ఆడపెళ్లివారుగా, కొడుకు పెళ్లికి మగపెళ్లివారుగా తెలుగునాట ఒకే కుటుంబం రెండు మూడేళ్ల తేడాలో రెండు పాత్రలు పోషిస్తుంది. మొదటి పెళ్లిలో ఇంటిపెద్ద విడిదింటి గుమ్మం వదలడు. కాఫీలు అందాయా, స్నానాలకు వేణ్నీళ్లు సరిపోయాయా, పెద్దాయన మంచం మీద పరుపు వేశారా అని గదిగదికీ వెళ్లి కనుక్కుంటాడు. భుజం మీది కండువా చేతిలోకి వస్తుంది, గొంతు తగ్గుతుంది. రెండో పెళ్లిలో అదే మనిషి విడిదిలో కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంటాడు. ఫలహారాలు ఆలస్యమయ్యాయన్న మాట, మంచి బస్సు పెట్టలేదన్న మాట ఆయన నోటి నుంచే వస్తుంది. కూతురి కట్నం కోసం తెచ్చిన అప్పుకు వడ్డీ ఇంకా కడుతూనే, కొడుక్కి ‘లాంఛనం’ ఎంత ముట్టాలో మధ్యవర్తి చేత చెప్పిస్తాడు. ఇరుగుపొరుగుతో, ఆఫీసులో తోటివారితో ఆయన తీరు ఎప్పటిలాగే ఉంటుంది. ఆ నాలుగు రోజులూ ఆయన చేత అలా మాట్లాడించింది ఆయన కూర్చున్న కుర్చీ.

కుర్చీ మాట్లాడిస్తోందని ఆయనకు తెలియదు. అది తన సొంత ఆలోచనే అనిపిస్తుంది. అడగకపోతే నలుగురూ ఏమనుకుంటారు, పిల్లాడిలో ఏదో లోపం ఉందనుకోరూ అన్న వాదన లోపలి నుంచే పుట్టుకొస్తుంది. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. దాని సంగతి తెలియక కట్నం అడిగేవాడు ఈ రోజు ఎక్కడా కనిపించడు. చట్టం కన్నా నలుగురంటే భయం ఎక్కువ కాబట్టే అడుగుతున్నారు. ఆ నలుగురికి అంత బలం ఎక్కడిది, కళ్లెదుట ఉన్నదాన్ని కూడా కాదనిపించేంత పట్టు వాళ్లకు ఎలా దొరికింది, అది ఎక్కడ తెగుతుంది అన్న ప్రశ్నల మీద సామాజిక మనస్తత్వ శాస్త్రం తొంభై ఏళ్లుగా పనిచేస్తోంది. దొరికిన జవాబులు కొన్ని భయపెడతాయి. ఒకటి మాత్రం గట్టి ధైర్యాన్నిస్తుంది.

కుర్చీ మారితే

పాత్ర అన్న మాట నాటకం నుంచి సంఘంలోకి వచ్చింది. కిరీటం పెట్టుకున్నవాడు రాజులా నడిచినట్టే కోడలు, అత్త, పోలీసు, పంతులు, సీనియర్, సర్పంచి అనే ప్రతి స్థానానికీ ఒక నడక ఉంటుంది. ఎవరితో ఎలా మాట్లాడాలో, ఏది తప్పో, దేనికి కోపం తెచ్చుకోవాలో ఆ స్థానమే నేర్పుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా అదే ఎదురుచూస్తారు. అత్త చేతిలో పడ్డ బాధలు మరిచిపోని కోడలు సైతం తాను అత్త అయ్యాక అవే మాటలు అనడం ప్రతి ఊళ్లోనూ చూసినదే.

స్థానం మారితే పైపై ప్రవర్తనే మారుతుందా, అభిప్రాయం కూడా మారుతుందా? ఈ ప్రశ్నకు అందమైన జవాబు 1956లో సేమూర్ లీబర్‌మన్ ప్రచురించిన పరిశోధనలో ఉంది. అమెరికాలో ఒక కర్మాగారంలో కార్మికులందరినీ కంపెనీ గురించి, యూనియన్ గురించి ముందుగానే అభిప్రాయాలు అడిగి రాసిపెట్టుకున్నారు. తర్వాత వారిలో 23 మంది ఫోర్‌మన్‌లయ్యారు, 35 మంది యూనియన్ ప్రతినిధులయ్యారు. మళ్లీ అడిగితే ఫోర్‌మన్‌లైనవారికి యాజమాన్యం మంచిదిగా, యూనియన్ చికాకుగా కనిపించింది. యూనియన్ ప్రతినిధులైనవారు యూనియన్ వైపు మొగ్గారు. ఈ పని ఇంతటితో ఆగిపోయి ఉంటే, ఎవరి మొగ్గును బట్టి వారికి ఆ పదవులు దక్కాయని సరిపెట్టుకోవచ్చు. ఇంతలో ఆర్థిక మాంద్యం వచ్చి కొందరు ఫోర్‌మన్‌లను మళ్లీ మామూలు కార్మికులుగా దించేశారు. దిగినవారిని మూడోసారి అడిగితే వాళ్ల అభిప్రాయాలూ దిగివచ్చాయి, దాదాపు మొదటికే చేరాయి. మూడుసార్లూ ఆ మనుషులు నిజాయితీగానే జవాబిచ్చారు. అబద్ధమాడినవాడు లేడు. ప్రతిసారీ అది వారి సొంత అభిప్రాయమే, కాకపోతే వారున్న చోటు నుంచి లోకం అలా కనిపించింది.

కాలేజీ హాస్టళ్లలో ర్యాగింగ్‌ది ఇదే దారి, మరింత చేదుగా. సీనియర్ ఎదురైతే తలెత్తకూడదు, సొంత చొక్కా మూడో బొత్తాం మీదే చూపు నిలపాలి, అడిగినదానికల్లా ‘సార్’ అనాలి. పోయినేడు ఆ బొత్తాం వైపు చూస్తూ కాళ్లు వణికించుకున్న కుర్రాడు ఈ ఏడు మరో కుర్రాడి చూపును కిందికి దించుతాడు. నొప్పి తెలిసినవాడు కదా, జాలి ఎందుకు పుట్టదు? నొప్పి గుర్తుండదని కాదు. తాను భరించినదానికి ఒక అర్థం ఉండాలని, అది వృథా కాకూడదని మనసు పట్టుబడుతుంది. ‘మాకూ చేశారు, దానివల్లే గట్టిపడ్డాం’ అన్న సమర్థన అలా పుడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. 2009లో యూజీసీ నిబంధనలు కట్టుదిట్టం చేసింది. అయినా ప్రతి ఏడూ ఏదో ఒక హాస్టల్ నుంచి ఆ వార్త వస్తూనే ఉంది. నిజానికి ఆ గదిలో ఉన్న పదిమంది సీనియర్లలో ఆ పని ఇష్టపడేవాళ్లు ఒకరో ఇద్దరో. మిగిలినవారు నవ్వుతూ నిలబడతారు. ఆ నవ్వే ఆ ఇద్దరికీ అనుమతి.

పాత్రల బలాన్ని చూపించడానికి అందరూ ఎత్తే ఉదాహరణ స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం. 1971 ఆగస్టులో ఫిలిప్ జింబార్డో ఆ విశ్వవిద్యాలయ భవనం కింది అంతస్తులో ఉత్తుత్తి జైలు కట్టాడు. ప్రకటన చూసి వచ్చిన డెబ్బై మందికి పైగా యువకుల్లోంచి 24 మందిని ఎంచి, కొందరిని కాపలాదారులు, కొందరిని ఖైదీలు చేశాడు. రోజుకు 15 డాలర్ల కూలి. కాపలావాళ్లకు ఖాకీ దుస్తులు, అద్దంలా మెరిసే నల్ల కళ్లద్దాలు. ఖైదీలకు పేర్లు తీసేసి అంకెలు, కాలికి గొలుసు. రెండు వారాలు సాగాల్సిన ప్రయోగం ఆరు రోజులకే ఆగిపోయింది, కాపలావాళ్ల అవమానాలకు ఖైదీలు కుప్పకూలుతుండటంతో. పాత్ర ఇస్తే చాలు, మామూలు కుర్రాడు క్రూరుడవుతాడన్న పాఠంగా ఇది అర్ధ శతాబ్దం పాటు పుస్తకాలకెక్కింది.

ఆ పాఠాన్ని ఇప్పుడు అలాగే చెప్పడం సరికాదు. కాపలావాళ్లు కఠినంగా ఉండాలని నిర్వాహకులే వారిని పురిగొల్పినట్టు రికార్డులు బయటపడ్డాయి. ఫ్రెంచి పరిశోధకుడు తీబో ల తెక్సియే ఆ కాగితాలన్నీ తిరగేసి 2019లో గట్టి విమర్శ ప్రచురించాడు. అంతకుముందే బ్రిటన్‌లో స్టీఫెన్ రైషర్, అలెగ్జాండర్ హాస్లమ్ అలాంటి జైలునే ఏర్పాటు చేస్తే, అక్కడి కాపలావాళ్లు తమ పాత్రను సొంతం చేసుకోలేకపోయారు, ఖైదీలు ఏకమై ఎదురు తిరిగారు. పాత్ర దానంతటదే మనిషిని మింగేయదని, ఆ పాత్ర తనదేనని, ఆ పని మంచికేనని మనిషి నమ్మినప్పుడే దానికి లొంగుతాడని వాళ్ల నిర్ధారణ. ఇది సబబైన మాట. స్టాన్‌ఫర్డ్ కథలో తరచూ మరుగున పడిపోయే సంగతి మరొకటుంది. ఆ జైలును బయటి నుంచి వచ్చి చూసినవారు యాభై మందికి పైగా ఉంటారని, ఇది తప్పు అని నిలదీసినది ఒక్కరేనని జింబార్డోయే తర్వాత ఒప్పుకున్నాడు. ఆమె క్రిస్టినా మస్లాక్, అప్పుడే పీహెచ్‌డీ ముగించిన యువతి. ఆమె నిలదీసిన మర్నాడే జైలు మూతపడింది.

గీత పొడవెంత?

గుంపు ఒత్తిడి మీద మొదటి చక్కని ప్రయోగం టర్కీలో పుట్టి అమెరికా వెళ్లిన ముజఫర్ షెరీఫ్‌ది, 1935 నాటిది. చిమ్మచీకటి గదిలో ఒక చిన్న వెలుగు చుక్క. కదలని చుక్కే, కానీ చుట్టూ ఆధారమేదీ లేక కంటికి కదిలినట్టు కనిపిస్తుంది. ఎంత దూరం కదిలింది అని ఒక్కొక్కరిని విడిగా అడిగితే ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క. కలిపి కూర్చోబెట్టి అడిగితే రెండు మూడు రోజుల్లో అందరి లెక్కలూ ఒకచోటికి చేరాయి. ఆ తర్వాత మళ్లీ ఒంటరిగా అడిగినా గుంపు లెక్కే చెప్పారు. 1961లో ఇద్దరు పరిశోధకులు ఈ గదిలోకి ఒక మెలిక తెచ్చారు. మొదటి గుంపులో తమ మనుషుల్ని పెట్టి విపరీతమైన లెక్క చెప్పించి, తర్వాత ఒక్కొక్కరినీ తీసేసి కొత్తవారిని చేర్చుతూ పోయారు. మొదటివాళ్లంతా వెళ్లిపోయాక కూడా కొన్ని తరాల పాటు ఆ తప్పుడు లెక్క ప్రభావం నిలిచింది. మొదలుపెట్టినవారెవరో తెలియని ఆచారాలను పట్టుకుని ఊళ్లు తరాలు గడపడం ఈ చీకటి గదిలో కొన్ని గంటల్లో జరిగిపోయింది.

వెలుగు చుక్క విషయంలో ఎవరికీ నిజం తెలియదు కాబట్టి పక్కవాడి మాట వినడం తెలివే. నిజం కళ్లెదుట ఉంటే? ఈ ప్రశ్న వేసినవాడు సోలమన్ ఆష్. వార్సాలో పుట్టి 1920లో అమెరికా చేరిన కుర్రాడు, తర్వాత స్వార్త్‌మోర్ కళాశాలలో ఆచార్యుడు. ఆయన ప్రయోగానికి కావలసినవి రెండు అట్టలు. ఒకదాని మీద ఒక గీత, రెండోదాని మీద పొడవులో తేడా ఉన్న మూడు గీతలు. మూడింటిలో ఏది మొదటిదాంతో సమానమో చెప్పాలి. చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. ఒంటరిగా చేసినవారు నూటికి ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ గదిలో ఏడెనిమిది మంది విద్యార్థులు వరుసగా కూర్చుంటారు. వారిలో ఒక్కడు తప్ప అందరూ ఆష్ నేర్పి పెట్టినవాళ్లే. ఆ ఒక్కడిది చివరి కుర్చీ, లేదా దాని ముందుది. మొదటి రెండు జతల గీతలకు అందరూ సరిగ్గానే చెబుతారు. పని సులువుగా, కాస్త విసుగ్గా కూడా ఉంటుంది. మూడోసారి మొదటివాడు కళ్లెదుటే తప్పు చెబుతాడు. వాడికేదో పొరపాటు జరిగింది అనుకునేలోపు రెండోవాడూ అదే, మూడోవాడూ అదే, అంతే నింపాదిగా. వరుస తనవైపు వస్తుంటే ఆ కుర్రాడు ముందుకు వంగి గీతల్ని మళ్లీ చూస్తాడు, కళ్లు చికిలిస్తాడు, ఇబ్బందిగా నవ్వుతాడు. తన వంతు వచ్చేసరికి అతని ముందు రెండే దారులు. కళ్లు చూసింది చెప్పడం, లేదా చెవులు విన్నది చెప్పడం.

మొత్తం 123 మంది యువకుల మీద జరిగిన ఈ పరీక్షలో, గుంపు తప్పు చెప్పిన సందర్భాల్లో మూడింట ఒక వంతుకు పైగా జవాబులు గుంపు వెంటే పోయాయి. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా లొంగారు. తర్వాత మాట్లాడించినప్పుడు తెలిసిన సంగతులు ఈ అంకెల కన్నా విలువైనవి. కొందరు నిజంగానే తమ చూపును శంకించారు. ఇంకొందరు గుంపు తప్పని తెలిసి కూడా ప్రయోగం తమ వల్ల చెడిపోకూడదని ఊ కొట్టారు. మరికొందరు తమలోనే ఏదో లోపం ఉందని, అది బయటపడకూడదని గుంపులో కలిసిపోయారు. ఒక్కసారీ లొంగని పాతిక శాతం మంది కూడా హాయిగా లేరు. అందరితో కలవలేకపోతున్నందుకు మథనపడుతూనే తమ మాట చెప్పారు. ధైర్యవంతుడికి భయం ఉండదన్న అపోహను ఈ మాటలు తీర్చేస్తాయి.

ఎంతమంది కలిస్తే గుంపు? ఆష్ ఇదీ కొలిచాడు. ఎదుటివాడు ఒక్కడే అయితే మనిషి దాదాపుగా లొంగడు. ఇద్దరైతే కాస్త తడబడతాడు. ముగ్గురైతే ఒత్తిడి దాదాపు పూర్తి బలం అందుకుంటుంది, పదిహేను మందిని పెట్టినా అంతకు మించి చెప్పుకోదగ్గంత పెరగదు. ఎదుట ముగ్గురు, తనతో కలిపి నలుగురు. తెలుగులో లోకం మొత్తానికి ‘నలుగురు’ అన్న అంకెను వాడిన పూర్వీకులు ఏ ప్రయోగశాలా లేకుండానే లెక్క సరిగ్గా పట్టుకున్నారు.

అసలు సంగతి తర్వాతి మెట్టులో ఉంది. అదే గుంపులో ఒకే ఒక్క మనిషి చేత సరైన జవాబు చెప్పించినప్పుడు గుంపు పట్టు నాలుగో వంతుకు పడిపోయింది. తోడొచ్చినవాడు మధ్యలో పనుందని గది వదిలి వెళ్లిపోయినా, అతనిచ్చిన ధైర్యం చాలావరకు వెనక నిలిచే ఉంది. కానీ ఆ తోడు మధ్యలో గుంపు వైపు ఫిరాయిస్తే మాత్రం ఒంటరివాడు మళ్లీ మొదటంతగా లొంగిపోయాడు. 1971లో మరో ఇద్దరు పరిశోధకులు మందపాటి అద్దాలు పెట్టుకుని, చూపు సరిగా ఆనదని ముందే తెలిసిపోయే మనిషిని తోడుగా కూర్చోబెట్టారు. చూపు పరీక్షలో అతని మాటకు విలువేముంది? అయినా లొంగుబాటు తగ్గింది. అంటే రెండో గొంతు తెచ్చేది సమాచారం మాత్రమే కాదు. గుంపు బలం దాని తలల లెక్కలో కన్నా దాని ఏకగ్రీవంలో ఉంది. ఒక్క చీలిక చాలు, మనిషికి తన కళ్లు తనకు తిరిగి వస్తాయి.

జవాబును పైకి చెప్పకుండా కాగితం మీద రాయమంటే కూడా లొంగుబాటు బాగా తగ్గింది. రహస్య ఓటు ఎందుకు కావాలో దీన్నిబట్టి తెలుస్తుంది. చేతులెత్తించి జరిపే ఏ తీర్మానం మీదైనా అంత నమ్మకం ఎందుకు పెట్టుకోకూడదో కూడా.

ఇదంతా అమెరికా సంగతి అని పక్కనపెట్టడానికి లేదు. 17 దేశాల్లో జరిగిన 133 పరిశోధనలను 1996లో ఒకచోట చేర్చి చూస్తే, కుటుంబానికి, సమూహానికి పెద్దపీట వేసే సంస్కృతుల్లో ఈ లొంగుబాటు ఎక్కువగానే ఉందని తేలింది. దాన్ని బలహీనత అనేయడం తొందరపాటు. నలుగురితో కలిసిపోవడమే మర్యాద అని పెంచిన చోట, ఎదుటివారిని నొప్పించకపోవడం కూడా ఒక విలువే. ఆ మర్యాదను ఎవరు ఎందుకు వాడుకుంటున్నారన్నదే చూడాల్సిన విషయం.

పైవాడు చెప్పాడు, పక్కవాడు చేశాడు

ఆష్ దగ్గర పనిచేసిన స్టాన్లీ మిల్‌గ్రామ్ ఈ ప్రశ్నను మరింత కఠినం చేశాడు. గీత పొడవు విషయంలో కాదు, సాటిమనిషి ప్రాణం విషయంలో మనిషి ఎంతవరకు లొంగుతాడు? 1961లో జెరూసలేంలో నాజీ అధికారి ఐఖ్‌మన్ విచారణ నడుస్తోంది. పైవారి ఆజ్ఞ పాటించానంతే అన్నది అతని వాదన. ఆ ఆగస్టులోనే యేల్ విశ్వవిద్యాలయంలో మిల్‌గ్రామ్ ప్రయోగం మొదలైంది. జ్ఞాపకశక్తి మీద పరిశోధన అన్న ప్రకటన చూసి, నాలుగు డాలర్ల కూలికి వచ్చిన 40 మంది మామూలు మగవాళ్లు. గోడ అవతల ఉన్న మనిషి తప్పు జవాబు చెప్పిన ప్రతిసారీ మీట నొక్కి కరెంటు షాకివ్వాలి. 15 వోల్టుల నుంచి 450 దాకా 30 మీటలు. షాకు ఉత్తుత్తిదే, అవతలివాడు నటుడే, కానీ నొక్కేవాడికి అది తెలియదు. 300 దగ్గర గోడ మీద దబదబా గుద్దిన చప్పుడు వస్తుంది. ఆ తర్వాత నిశ్శబ్దం. బూడిదరంగు కోటు వేసుకున్న నిర్వాహకుడు కోప్పడడు, బెదిరించడు, కొనసాగించాలని మాత్రం నెమ్మదిగా చెబుతూ ఉంటాడు. నొక్కేవాళ్లు చెమటలు కక్కారు, పెదవులు కొరుక్కున్నారు, ఆపేద్దామని బతిమాలారు. అయినా 40 మందిలో 26 మంది చివరి మీట దాకా వెళ్లారు. వేయిమందిలో ఒకడు వెళ్తాడేమోనని ముందుగా అడిగిన మానసిక వైద్యులు అంచనా వేశారు.

ఈ ప్రయోగానికీ మచ్చలున్నాయి. నిర్వాహకుడు రాసిపెట్టుకున్న మాటలు దాటి ఒత్తిడి చేసిన సందర్భాలు, ఇదంతా నాటకమని అనుమానించినవారి మాటలు తర్వాత బయటికొచ్చాయి. 2009లో జెర్రీ బర్గర్ 150 వోల్టుల దగ్గర ఆపేసేలా జాగ్రత్తలు పెట్టి మళ్లీ చేస్తే, నూటికి 70 మంది ఆ గీత దాటడానికి సిద్ధపడ్డారు. కాబట్టి మూల విషయం నిలిచింది. మిల్‌గ్రామ్ చేసిన మార్పుల్లో రెండు ఇక్కడ ముఖ్యం. మీట వేరొకరు నొక్కుతూ, వచ్చినవాడు పక్కన చిన్నపని మాత్రమే చేయాల్సినప్పుడు 40లో 37 మంది చివరిదాకా కూర్చున్నారు. పాపంలో వాటా చిన్నదైతే మనస్సాక్షి నిద్రపోతుంది. ఫైలు పైకి పంపానంతే, సంతకం పెట్టానంతే అనుకునే ప్రతి చోటా ఈ 37 మంది ఉన్నారు. రెండోది దీనికి సరిగ్గా ఎదురు. పక్కన కూర్చున్న ఇద్దరు తోటివాళ్లు మధ్యలో లేచి ఇక మా వల్ల కాదన్నప్పుడు, చివరిదాకా వెళ్లినవారు 40లో నలుగురే. కోటు అదే, నిర్వాహకుడు అతడే, మీటలు అవే. పక్కన కాదన్న గొంతు ఒకటి పుట్టింది, అంతే.

గద్దెల మీద కూర్చున్న మేధావులకూ ఇందులో మినహాయింపు లేదు. అదే 1961 ఏప్రిల్‌లో అమెరికాలోని కెన్నెడీ ప్రభుత్వం దాదాపు 1,400 మంది క్యూబా ప్రవాసులను ఆ దేశం మీదికి పంపి మూడు రోజుల్లో చావుదెబ్బ తింది. ఆ పథకం మీద సందేహాలున్న సలహాదారులు సమావేశాల్లో నోరు మెదపలేదు. అందరూ ఒప్పుకున్నట్టే ఉంది కదా అని ఎవరికి వారు ఊరుకున్నారు. మరుసటి ఏడాది క్యూబా క్షిపణుల సంక్షోభం వచ్చేసరికి కెన్నెడీ జాగ్రత్తపడి, సలహాదారులు స్వేచ్ఛగా వాదించుకునేందుకు కొన్ని సమావేశాలకు తానే దూరంగా ఉన్నాడు.

ఎవరికి వారే ఒంటరి

ఈ మౌనానికి లోపల ఒక గమ్మత్తైన లెక్క ఉంది. గుంపులో చాలామందికి ఒక ఆచారం నచ్చదు. కానీ మిగిలినవారికి నచ్చిందని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. అందుకని అందరూ పాటిస్తారు. అందరూ పాటించడం చూసి, నచ్చడం నిజమేనని అందరూ రూఢి చేసుకుంటారు. ఎవరికీ ఇష్టం లేని పని అందరి ఇష్టంగా చలామణి అవుతుంది. సౌదీ రాజధాని రియాద్‌లో 500 మంది యువకులను విడివిడిగా అడిగితే, ఆడవాళ్లు బయట ఉద్యోగం చేయడం తప్పు కాదని 87 శాతం చెప్పారు. తోటి మగవాళ్లలో ఎంతమంది అలా అనుకుంటారని అడిగితే చాలామంది బాగా తక్కువ చెప్పారు. అసలు లెక్క చెప్పనివారిలో భార్యల పేర్లు ఉద్యోగ సేవలో నమోదు చేయించినవారు 23 శాతమైతే, చెప్పినవారిలో 32 శాతం. ఉపన్యాసం లేదు, చట్టం లేదు. మీరు ఒంటరి కాదు అన్న ఒక్క సమాచారం.

పెళ్లి ఖర్చు, కట్నం, ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలన్న పట్టుదల, అప్పు చేసైనా పిల్లాణ్ని అమెరికా పంపాలన్న తాపత్రయం: తెలుగు ఇళ్లలో వీటిలో ఎన్ని సొంత కోరికలో, ఎన్ని పక్కింటివారి కోరికలన్న భ్రమలో విడదీసి చూడటం కష్టం. ఫంక్షన్ హాల్ అద్దె కడుతూ ‘మాకిష్టం లేదండీ, వాళ్ల కోసం’ అని రెండువైపులవాళ్లూ అనడం మాత్రం తరచూ వినిపిస్తుంది. ఆ ‘వాళ్లు’ ఎవరో ఎవరూ చూడలేదు.

వెలి

రెండో గొంతు పుడితే తన పట్టు జారుతుందని గుంపుకు తెలుసు. అందుకే అతి పెద్ద శిక్షను దాని కోసమే దాచిపెట్టుకుంది. దాని పేరు వెలి. కొట్టనక్కర్లేదు, తిట్టనక్కర్లేదు. నిప్పు, నీరు, పలకరింపు ఆపేస్తే చాలు. రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఇదే జరిగింది. వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు, పురోహితులు మొహం చాటేశారు. ఆ ఇంట్లో వంట చేసి, నీళ్లు మోసుకొచ్చి ఆ రోజులు గడిపించినది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ. కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్య డబ్బుతో ఆదుకున్నాడు. విద్యార్థులు చుట్టూ నిలబడ్డారు. వీరేశలింగం ఒంటరి పోరాటం చేశాడని పొగడటం మామూలే కానీ, ఆయన నిలబడగలిగింది ఒంటరి కాకపోవడం వల్లే. ఊరంతా ఒకవైపున్నా బిందె పట్టుకుని గుమ్మం దాటిన ఆ రెండో మనిషి లేకపోతే కథ వేరుగా ఉండేది.

వెలి పాత కాలంతో పోలేదు. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపడానికి ముందు వారి మీద సాంఘిక బహిష్కరణ నడిచింది. కూలి పనులకు పిలవడం మానేశారు. మెత్తగా కనిపించే ఒత్తిడి ఎక్కడిదాకా వెళ్లగలదో ఆ ఊరు చూపించింది. ఉత్తర తెలంగాణలోని కొన్ని పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీలు తమ మాట వినని కుటుంబాలతో మాట్లాడినవారికి కూడా జరిమానా వేసిన వార్తలు ఇప్పటికీ వస్తున్నాయి. మాట్లాడినవారికి జరిమానా! గుంపు భయం ఎదురు తిరిగినవాడి గురించి కన్నా, వాడి పక్కన నిలబడబోయే రెండోవాడి గురించే ఎక్కువ. దళితులు, గిరిజనుల మీద ఇలాంటి బహిష్కరణ విధించడం 2016 నుంచి అట్రాసిటీ చట్టం కింద నేరం. మహారాష్ట్ర అన్ని కులాలవారికీ వర్తించేలా ప్రత్యేక చట్టమే చేసింది. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ పని చేయాలి.

రాత్రిబడిలో

గుంపు ఒత్తిడి ఎప్పుడూ కిందికే లాగదు. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో 1990ల మొదట్లో సారా ప్రతి ఇంటినీ తినేస్తోంది. పొద్దంతా పడిన కూలి సాయంత్రానికి సారా కొట్టుకు చేరేది. రాత్రికి దెబ్బలు, ఏడుపులు. ప్రతి ఇల్లాలూ అది తన తలరాత అనుకుంది. మొగుణ్ని అదుపులో పెట్టుకోలేకపోవడం తన చేతకానితనం అనుకుంది, పక్కింటికి వినబడకుండా ఏడ్చుకుంది. అందరి ఇంట్లోనూ అదే జరుగుతున్నా ప్రతి ఇంట్లోనూ అది ఒంటరి బాధే. భార్య అన్న పాత్ర వారికి ఇచ్చిన మాటల్లో కాదనే మాట లేదు.

సాక్షరతా ఉద్యమం రాత్రిబడులు తెచ్చింది. వాచకంలో సారా మీద ఒక పాఠం ఉంది. లాంతరు వెలుగులో అక్షరాలు కూడబలుక్కుంటూ చదివిన ఆడవాళ్లు ఇది మన ఇంటి కథే అన్నారు. ఒకరన్నాక మరొకరు అన్నారు. గోడల వెనక దాచుకున్నది పదిమందిలో పైకి వచ్చాక అది తలరాత కాకుండా పోయింది, ఊరి సమస్య అయింది. ఆ ఆడవాళ్లు కలిసి వెళ్లి ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. వారు చేసిన పని మళ్లీ పాఠంగా అచ్చయి తర్వాతి వాచకంలోకి ఎక్కింది, ఇతర ఊళ్ల ఆడవాళ్లు దాన్ని చదివారు. ఒక ఊరు మరో ఊరికి రెండో గొంతు అయింది. జిల్లాలో సారా వేలంపాటలు సాగనివ్వలేదు. ఉద్యమం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది.

1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని రెండేళ్లకే ఎత్తేశారు. సారా మీద నిషేధం మాత్రం రాష్ట్రం రెండైన తర్వాత కూడా రెండుచోట్లా అమల్లో ఉంది.